చిల్లులు

నలభై బిందెలు కావాలంది
నీళ్లు నిలవనివి.

సరిగ్గా వినలేదేమోనని
సుత్తి పక్కన పెట్టాను.
"చిల్లులతోనే కావాలి బాబాయ్" అంది మాళవిక,
"గోడలకి బిగిస్తాం, లోపల బల్బు పెడతాం.
కళింగపట్నంలో దిగినవాడికి
తానే ఊళ్లో ఉన్నాడో హోటలే చెప్పాలి."

ఏభై రెండేళ్లుగా బుడితిలో కంచరి పని నాది.
చిల్లు పడ్డ బిందెలు పట్టుకొచ్చారు గానీ
చిల్లు కోసం ఎవరూ రాలేదు.

మా నాన్న ప్రతి బిందెనీ
పొద్దుటి ఎండకేసి ఎత్తి
మూతికి కన్ను ఆనించి చూసేవాడు.
ఆవగింజంత వెలుగు కనబడిందా,
మాటా పలుకూ లేకుండా మళ్ళీ కొలిమిలోకే.
ఆ పూట ఇంట్లో అంబలి కూడా
కాస్త పలచగా ఉండేది.

ఆ పిల్ల చెడ్డది కాదు.
బొగ్గు మసిలోనే మఠం వేసుక్కూచుంది.
చోడంబలిలోకి ఉల్లిపాయ నంజుకుంది.
మూసకి ఏ మట్టి, మైనానికి ఏ పాకం అని
చిన్న పుస్తకంలో రాసుకుంది.
పొందూరు కూడా వెళ్లొచ్చిందట,
వాలుగ చేప దవడతో పత్తి ఏకడం చూసిందట,
ఆ బట్టే కిటికీలకి తెరలు.
సీతంపేట కొండల్లో సవరలు గోడకి రాసే మనుషులు
లిఫ్టు తలుపుల మీద చేతులు పట్టుకుని ఆడతారట,
తలుపు తెరిస్తే
విడిపోతారట.
బందరువానిపేట పాత పడవొకటి అడ్డంగా కోసి
తాళాలిచ్చే బల్ల చేశారు.
దాని సొంతదారు ఒకసారొచ్చి
మిగతా సగం ఏదని అడిగి వెళ్లాడు.

డబ్బు బాగానే ఇచ్చింది.
ఎంతో చెప్పను గానీ
మంచి బిందెకి ఎన్నడూ అంత రాలేదు.

మొదటి చిల్లుకే ఒక పూట పట్టింది.
మేకు ఆనించాను, సుత్తి ఎత్తాను,
చెయ్యి దిగలేదు.
"ఏటాలోసిస్తన్నావు, పొడిసీ" అంది మా ఇంటిది,
"నీల్లు మొయ్యని బతుకు
దానికి మాత్రం సేదా ఏటి!"
పొడిచాను.
తర్వాత అలవాటైపోయింది.
ఆ అలవాటే కొంచెం భయపెట్టింది.

తెరిచిన రోజు నన్నూ పిలిచారు.
చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియలేదు.
లిఫ్టులో నా సుత్తి చప్పుడే మోగుతోంది,
ఆ రోజు ఫోనులో పట్టుకుంది కాబోలు.
పదకొండు దెబ్బలు.
పన్నెండోదానికి ముందు దగ్గాను, నాకు బాగా గుర్తు.
దగ్గు కోసేశారు.

మూడో అంతస్తు వరండాలో మా బిందెలు
మూతులు గోడకానించి, తప్పు చేసిన పిల్లల్లా.
నల్లటి గచ్చంతా
ఎవరో నూకలు జల్లినట్టు వెలుగు.
ఏ గది పిల్లో తెలీదు,
ఒక్క చుక్కా తొక్కకుండా
ఈ చివర నుంచి ఆ చివరకి గెంతుతోంది.
నాన్న చూస్తే నలభైనీ పీకి కరిగించేసేవాడు.
ముందు కాసేపు నిలబడేవాడేమో.

గదులు తుడిచే తవిటమ్మది మా చెల్లి అత్తారూరే.
పాతగా కనబడాలని మందు పూసి
నెల్లాళ్లు మగ్గబెట్టిన కిలుమునంతా
రెండ్రోజుల్లో చింతపండుతో తోమిపారేసింది.
"కిలుమట్టిన బిందె సుట్టాలకి సూపిత్తారేటమ్మా,
నవ్విపోరా!"
మాళవిక తల పట్టుకుంది.
తర్వాత ఆ మెరుపులో తన ముఖం చూసుకుని
నవ్వేసింది పాపం.

ఒక సంగతి ఆ పిల్లకి చెప్పలేదు.
నలభైలో ఒకదానికి నేను చిల్లు పొడవలేదు.
ఎందుకని అడక్కండి.
మూలన ఉంటుంది, మెట్ల పక్కన.
బల్బు పోయిందనుకుని రెండుసార్లు మార్చారు.
మొన్న మా చెల్లిని చూడ్డానికి వెళ్తే
తవిటమ్మ వచ్చి మెల్లగా చెప్పింది:
"ఎలగదు గానీ బావూ,
సెయ్యెడితే ఎచ్చగుంటది."